బంతి చేతిలో లేనప్పుడే అసలు ఆట!

రాత్రి రెండున్నర. ఇంట్లో అందరూ గాఢనిద్రలో ఉన్నారు. నేను మాత్రం కంప్యూటర్ ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. తెరమీద బొమ్మ లేదు, పాట లేదు, ఫైటు అంతకన్నా లేదు. ఒక్కొక్క వాక్యమే దిగుతోంది. అవతలి జట్టువాడు దూరంనుంచి మూడు పాయింట్ల షాటు కొట్టాడు... పడింది. ఇంకోడు కొట్టాడు... అదీ పడింది! లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చేలోగా మరొకటి!

సినిమా పత్రికలో ఈ గోలేమిటంటారా? కాస్త ఓపిక పట్టండి, వ్యవహారం సినిమాకి మరీ దూరమేం కాదు.

ఈ ఆట పేరు బజర్‌బీటర్. ఇంటర్నెట్‌లో ఆడే బాస్కెట్‌బాల్. అయితే ఇందులో మీరు బంతి పట్టుకోరు, గెంతరు. మీరు కోచి, మేనేజరు. ఆటగాళ్ళని కొనాలి, అమ్మాలి, తర్ఫీదు ఇప్పించాలి. మ్యాచికి ముందు ఎవరు దిగాలో, ఎలా దాడి చెయ్యాలో, ఎలా కాచుకోవాలో రాసిపెట్టాలి. అంతే! ఆట మొదలయ్యాక మీ మాట చెల్లదు. రీలు డబ్బాల రోజుల్లో, డబ్బా థియేటరుకి చేరాక నిర్మాత ఏం చేసేవాడు? వెనక వరసలో నిలబడి జనం మొహాలు చూసేవాడు. సరిగ్గా అదే అవస్థ. పైగా అవతలి జట్టుని నడిపేదీ ఓ మనిషే. ఏ దేశంలోనో కూచుని కాఫీ తాగుతూ మీ పాత మ్యాచీలన్నీ తిరగేస్తుంటాడు.

దాడి గురించి అందరూ బుర్ర బద్దలు కొట్టుకుంటారు. అది హీరో ఎంట్రీ లాంటిది కదా! డిఫెన్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నిన్న పెట్టిందే ఇవాళా పెట్టి పడుకుంటారు. నేనూ ఆ బాపతే.

ఇంతకీ ఆ పద్ధతులేమిటో చెప్పాలిగా. మ్యాన్ టు మ్యాన్ అంటే ఎవడి మనిషిని వాడు పట్టుకోవడం. ఎవరు ఎవరిని పట్టాలో కూడా మనమే మార్చుకోవచ్చు. జోన్ అంటే అలా కాదు. మనిషిని వదిలేసి చోటును కాయాలి. చేనుకి కాపలా ఉన్నట్టు అన్నమాట. ఏ పశువైనా సరే, తన మడిలోకొస్తే అదిలించాలి, పక్క మడిలోకి పోతే పక్కవాడి పూచీ. 2-3 జోన్‌లో ఇద్దరు ముందుంటే ముగ్గురు బుట్ట కింద గోడ కడతారు. ఎదుటి జట్టులో కొండంత పొడుగు సెంటరుంటే ఈ గోడ బ్రహ్మాండం. మరి బయటనుంచి వేసేవాళ్ళ సంగతి? ముందున్న ఇద్దరూ ఎంతమేరని పరుగెత్తుతారు పాపం! 3-2 జోన్ దీన్ని తిరగేసింది. బయట గట్టి, లోపల డొల్ల. ఇక ఫుల్ కోర్ట్ ప్రెస్ అంటే మైదానం పొడుగునా మీదపడి పీక్కోవడం. బంతులు దొరుకుతాయి నిజమే, ఫౌళ్ళూ పెరుగుతాయి, మనవాళ్ళకి ఆయాసమూ వస్తుంది.

ఏది పెట్టినా ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది సుమండీ! ఏ తలుపు తెరిచి ఉంచాలన్నదే కోచి తేల్చుకోవాల్సిన లెక్క.

అసలు మైదానంలోనూ ఇదే లెక్క. అమెరికాలో ఎన్.బి.ఎ. వాళ్ళు 2001 దాకా జోన్‌ని ఆడనివ్వనే లేదు. కాలేజీ ఆటల్లో మాత్రం దానికి రాజభోగం. సిరక్యూస్ యూనివర్శిటీ కోచి జిమ్ బోహైమ్ 2-3 జోన్‌నే నమ్ముకుని 2003లో కాలేజీ ఛాంపియన్‌షిప్ కొట్టాడు. ఫైనల్లో కాన్సాస్ మీద 81-78. ఆఖరి రెండు సెకన్లలో కాన్సాస్ కుర్రాడు మూలనుంచి మూడు పాయింట్ల షాటు ఎగరేశాడు. పడితే స్కోరు సమానం. 2-3 జోన్‌కి కన్నం ఆ మూలే! కానీ హకీమ్ వారిక్ అనే పొడుగుచేతుల కుర్రాడు లోపల్నుంచి దూసుకొచ్చి ఆ బంతిని బయటకి తోసేశాడు. కన్నం ఎక్కడుందో తెలిసినవాడు ఆ కన్నం దగ్గర పొడుగు చేతులున్నవాణ్ణి పెట్టుకున్నాడు.

ఇంకో సంగతి వింటే మీకు 1965 నాటి 'వీరాభిమన్యు' గుర్తొస్తుంది. అందులో శోభన్ బాబు అభిమన్యుడు. అర్జునుడుంటే పద్మవ్యూహం పారదు గనక సంశప్తకులు అతణ్ణి దూరంగా లాక్కుపోతారు, మిగతావాళ్ళు వ్యూహం కడతారు. బాస్కెట్‌బాల్‌లో దీనికి దగ్గరది 'బాక్స్ అండ్ వన్'. నలుగురు చతురస్రంగా నిలబడితే ఒక్కడు అవతలి అర్జునుడి వెంట నీడలా తిరుగుతాడు. పిల్లల ఆటల్లో తప్ప పెద్దల్లో ఎవరూ వాడరనుకునేవారు. 2019 ఎన్.బి.ఎ. ఫైనల్స్ రెండో మ్యాచిలో టొరాంటో కోచి నిక్ నర్స్ దాన్ని బయటికి తీశాడు. అర్జునుడు స్టీఫెన్ కర్రీ, నీడ ఫ్రెడ్ వాన్‌వ్లీట్. అవతల డురాంట్ గాయంతో దిగనే లేదు, థాంప్సన్ మధ్యలో కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఇక కర్రీని మూసేస్తే మిగిలిందెవరు? అయిదు నిమిషాలకు పైగా గోల్డెన్ స్టేట్‌కి ఒక్క బుట్టా పడలేదు! చివరికి కొద్ది సెకన్లుండగా, ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన ఇగుడాలా మూడు పాయింట్ల షాటు కొట్టాడు. మ్యాచి 109-104తో పోయింది. కర్రీ ఆ డిఫెన్స్‌ని అతుకుల బొంత అన్నట్టుగా తీసిపారేశాడు. నర్స్ మాత్రం సిగ్గుపడలేదు. ఆ సీరీసు 4-2తో టొరాంటోదే అయింది.

ఇప్పుడు నా కథ. ఆ రాత్రిది సీజన్లో ఆఖరి మ్యాచి. ఓడితే కింది డివిజనుకి పోవాలి. కిందికి పోతే రాబడి తగ్గుతుంది, పెద్ద జీతగాళ్ళని అమ్ముకోవాలి. వాళ్ళలో ఒకడు పద్దెనిమిదేళ్ళకే డ్రాఫ్టులో నాకొచ్చిన కుర్రాడు. ఏళ్ళ తరబడి తర్ఫీదిచ్చి పెంచాను. కంప్యూటర్‌లో అంకెల మూటేగా అంటారు మా అన్నయ్య. కావచ్చు. ఆయన ఆరాధించే హీరో మాత్రం తెరమీద వెలుగు కాక ఇంకేమిటట?

ప్రత్యర్థి దగ్గర భారీ సెంటరున్నాడు. వెనకటి అయిదు మ్యాచీలూ చూశాను. అన్నిట్లోనూ బంతి లోపలికే పంపాడు. ఇంకేం, 2-3 జోన్ పెట్టేసి, పకోడీలు తిని, మీసం మెలేసుకుని కూర్చున్నాను. పెద్దమనిషి ఆ రోజు దాడి మొత్తం బయటికి తిప్పేశాడు! సెంటరుకి బంతి ముట్టడమే తక్కువ. తొమ్మిది పాయింట్ల తేడాతో మునిగాను.

తెల్లారాక గానీ అసలు సంగతి వెలగలేదు. అతని అయిదు మ్యాచీలూ నేను చూశాను సరే, నా అయిదు మ్యాచీలు అతనూ చూడడా? అయిదింట్లోనూ నేను పెట్టింది 2-3 జోనే! నా తలుపు రోజూ ఒకేచోట తెరిచి ఉంచి, దొంగ వచ్చాడని ఏడిస్తే ఎవరు జాలిపడతారు?

కుర్రాణ్ణి అమ్మేశాను. కొన్నది ఆ ప్రత్యర్థి కాదు లెండి, కథ అంత సినిమాగా ఏం లేదు. ఎవరో కొత్తగా చేరినవాళ్ళు కొనుక్కున్నారు. అప్పుడప్పుడూ వాళ్ళ మ్యాచీలు చూస్తూంటాను. మొన్న వాణ్ణి అవతలి జట్టులో మేటి షూటర్‌కి కాపలా పెట్టారు. ఆ షూటర్‌కి పట్టుమని పది పాయింట్లు కూడా రాలేదు. అలా వాడొచ్చని నాకు ఏనాడూ తోచలేదు.

ఇవాళ కింది డివిజన్లో నాకు మొదటి మ్యాచి. పొద్దున మ్యాన్ టు మ్యాన్ పెట్టాను. మధ్యాహ్నం భోంచేసి 3-2కి మార్చాను. ఇది రాస్తూ రాస్తూ మళ్ళీ ఇంకోసారి అవతలివాడి పాత మ్యాచీలు తిరగేశాను. ఆట మొదలవడానికి ఇంకా మూడు గంటలుంది.