ఒక కమ్మరి ఇంటిపేరు

ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ సీమలో ఆంగోవ్ అనే ఇంటిపేరు కలదు. కార్నిష్ భాషలో 'గోవ్' అనగా కమ్మరి; 'ఆన్' అనేది ఇంగ్లీషు 'ది' వంటి ఉపపదం. మనవైపు 'కమ్మరి' అనే ఇంటిపేరుకు ఇది చక్కని జోడు.

ఈ మాటను చరిత్ర కెక్కించినవాడు సెయింట్ కెవర్న్ గ్రామపు కమ్మరి మైకేల్ జోసెఫ్. ప్రజల కాయన 'ఆన్ గోవ్'. స్కాట్లండు యుద్ధానికై ఏడవ హెన్రీ విధించిన పన్నులను ధిక్కరించి, 1497లో వేలాది జనంతో లండను పొలిమేరలకు నడిచాడు. బ్లాక్‌హీత్ వద్ద ఓడి, జూన్ 27న ఉరికంబ మెక్కాడు. ఆంగోవు లందరూ ఆయన వంశీకులే అనుకోరాదు. ఊరూరా కమ్మరి ఉండేవాడు కదా!

19వ శతాబ్దంలో రాగి, తగరపు గనులు క్షీణించగా కార్నిష్ జనం దక్షిణ ఆస్ట్రేలియాకు, మిచిగన్‌కు, మెక్సికోకు, మన పొరుగున కోలారు బంగారు గనులకు సైతం వలసపోయారు. పేర్లూ వారి వెంట పోయాయి. 1886లో దక్షిణ ఆస్ట్రేలియా చేరిన విలియం ఆంగోవ్ మాత్రం గని పనివాడు కాడు, వైద్యుడు. ఆయన నాటిన ద్రాక్షతోటలు ఆ పేరును మద్యపు సీసాల మీది కెక్కించాయి.

ఈలోగా స్వస్థలంలో భాషే అడుగంటింది. 1904లో హెన్రీ జెన్నర్ రచించిన బోధిని దాని పునరుద్ధరణకు నాంది పలికింది. నేడు ఆ కుటుంబీకులను ఇంగ్లీషులో 'ది ఆంగోవ్స్' అన్నప్పుడల్లా, ఒకే ఉపపదం రెండు భాషలలో రెండుసార్లు పడుతున్నది.