గజ్జె కట్టేముందు... కళ్ళకద్దుకునే చెయ్యి!

పలక మీద పొరపాటున కాలు పడితే ఏం చేస్తాం? గబుక్కున వంగి, తాకి, కళ్ళకద్దుకుంటాం. అలా చెయ్యమని ఏ మాస్టారూ పాఠం చెప్పలేదు, పరీక్ష పెట్టలేదు. అమ్మ చేసింది, చూసి మనమూ చేశాం. అంతే!

ఆ పలకల ఊరే మార్కాపురం. ఈ ఊరి రాతి పలక మీద 'అ, ఆ'లు దిద్దిన పిల్లలు ఎన్ని తరాల వాళ్ళో! తరవాత నోటు పుస్తకాలొచ్చాయి, ప్లాస్టిక్ పలకలొచ్చాయి. రాతి పలకకి గిరాకీ తగ్గింది. పలకతో పాటు ఆ కళ్ళకద్దుకునే అలవాటూ పోవాల్సిందేనా? అక్కర్లేదండీ! అది ఇంకోచోట బతికే ఉంది. ఎక్కడంటారా? నాట్యం క్లాసులో!

భూమికి క్షమాపణ

కూచిపూడి కానీయండి, భరతనాట్యం కానీయండి, మొదట నేర్పేది అడుగు కాదు, నమస్కారం. పిల్ల వంగి నేలని తాకి, చేతులు కళ్ళకద్దుకుంటుంది. 'అమ్మా, నీమీద కాళ్ళతో తొక్కుతాను, క్షమించు' అని దానర్థం. ఆ తరవాత గురువుకీ, సభకీ దణ్ణం. గజ్జెలు కూడా అంతే. కళ్ళకద్దుకున్నాకే కాలికి కట్టాలి. క్లాసు అయ్యాక మళ్ళీ నమస్కారం.

ఏడేళ్ళ పిల్లకి 'కృతజ్ఞత' అనే మాట పలకడమే కష్టం. అర్థం చెప్పడం ఇంకా కష్టం. కానీ రోజుకి రెండుసార్లు నడుం వంచి చేసిన పని ఒంటికి పట్టేస్తుంది. ఉపన్యాసం ఆ పని చెయ్యలేదు!

తెర మీద మన కథే

ఈ సంగతి మన సినిమావాళ్ళు ఎప్పుడో చెప్పారు. 1983లో వచ్చిన కె.విశ్వనాథ్ 'సాగర సంగమం' గుర్తుందా? నాట్యోత్సవం పుస్తకంలో పెద్ద పెద్ద కళాకారుల ఫోటోలు చూసి మురిసిపోతూ పేజీలు తిప్పుతున్న బాలుకి, ఉన్నట్టుండి తన ఫోటోయే కనిపిస్తుంది. కమల్ హాసన్ కళ్ళల్లో ఆ నీళ్ళు! అదే సినిమాలో చప్పట్లకి పొంగిపోయిన శైలజ కూడా ఉంది. విద్య వచ్చినా వినయం రాని పిల్ల. ఆ పాత్ర వేసింది గాయని ఎస్.పి.శైలజ.

1988లో 'స్వర్ణకమలం' వచ్చింది. ఈ నాట్యం అన్నం పెడుతుందా అని విసుక్కునే మీనాక్షిగా భానుప్రియ చేసింది. గిద్దలూరులోనో కంభంలోనో పిల్లని క్లాసులో చేర్పించేముందు తండ్రి అడిగే ప్రశ్నా అదే! తప్పు లేదు. ఈ మెట్ట ప్రాంతంలో ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది. నాట్యం అందరికీ అన్నం పెట్టదు, నిజమే. కానీ అన్నం పెట్టిన చేతిని గుర్తుపెట్టుకోవడం నేర్పుతుంది. ఆ చదువుకి వేరే ట్యూషన్ ఎక్కడుంది, చెప్పండి?

కప్పు ముందా, దణ్ణం ముందా?

ఇప్పుడు చిక్కల్లా తొందరే. నాలుగు అడుగులు రాగానే స్టేజి, సర్టిఫికెట్టు, కప్పు! టీవీ డాన్సు పోటీల్లో పసిపిల్లల చేత వయసుకి తగని భంగిమలు పెట్టిస్తున్నారని గోల లేచి, 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ సంయమనం పాటించండని చానళ్ళకి సలహా ఇవ్వాల్సి వచ్చింది. గెలిచిన పిల్లకి గర్వం, ఓడిన పిల్లకి ఏడుపు. మధ్యలో నమస్కారం ఫోటో కోసం మిగిలింది!

ఇంకో మాట కూడా చెప్పాలి. గురుభక్తి పేరు చెప్పి పిల్లల్ని బెదిరించడం కృతజ్ఞత నేర్పడం కాదు. భయంతో వంగే నడుం వేరు, ప్రేమతో వంగే నడుం వేరు. కాళ్ళకి దణ్ణం పెట్టించుకునే గురువు, మృదంగం వాయించే ఆయనకి తాను నమస్కారం పెడితే చాలు, పిల్లలు చూసి నేర్చుకుంటారు.

అసలు ఎంతమందికి రుణపడి ఉన్నాం! కూచిపూడి ఒకప్పుడు మగవాళ్ళు మాత్రమే ఆడిన కళ. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం వంటివారు ఆడపిల్లలకి నేర్పబట్టే ఇవాళ మన వీధి పిల్ల గజ్జె కడుతోంది. ఆ దణ్ణం అంత దూరం పోవాలి. దగ్గర్లోనూ ఆగాలి. క్లాసు ఊడ్చే ఆయమ్మ, మైకు సెట్టు కుర్రాడు, ట్యాంకరు దగ్గర నిలబడి నీళ్ళు పట్టి క్లాసు మూల కుండ నింపే మనిషి... వీళ్ళకి కూడా! నీళ్ళ విలువ పశ్చిమ ప్రకాశం పిల్లలకి వేరే చెప్పాలా?

నా బాకీ ఒకటుంది

చిన్నప్పుడు స్కూలు వార్షికోత్సవంలో నేనూ ఓ సినిమా పాటకి గంతులేశాను. మధ్యలో కరెంటు పోయింది. అటెండరు తాత పెట్రోమాక్స్ లైటు ఎత్తిపట్టుకుని పాట అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. కప్పు నాకిచ్చారు. దాన్ని పట్టుకుని ఇంటికి పరిగెత్తాను గానీ ఆయన వైపైనా చూడలేదు. సెలవులయ్యాక వెళితే తాత రిటైరై ఊరెళ్ళిపోయాడన్నారు. ఆ కప్పు ఇప్పుడు ఎక్కడుందో తెలీదు. ఆ లైటు మాత్రం కళ్ళముందే ఉంది.

అమ్మలూ, నాన్నలూ! ఈసారి మీ పాప ప్రోగ్రాం అయ్యాక సెల్‌ఫోన్‌లో ఫోటో తరవాత తీద్దురు గానీ, ముందు పాప చెయ్యి పట్టుకుని ఆ లైటు పట్టిన మనిషి దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్ళండి. ముందు మీరు దణ్ణం పెట్టండి. పాప మిమ్మల్నే చూస్తూ ఉంటుంది!