కాయ పెంకే సాక్ష్యం

బ్రిటన్‌లో అడవి క్షీరదాలను పరిశీలించి నమోదు చేయడం ఎందరికో తీరికవేళ వ్యాపకం. 1954లో ఏర్పడిన మామల్ సొసైటీ వంటి సంస్థలు వారికి తోడ్పడుతున్నాయి. పక్షుల వలె ఈ జంతువులు సులభంగా కంటబడవు. చాలావరకు రాత్రివేళ సంచరిస్తాయి. కనుక అడుగుజాడలు, పెంటికలు, తిని విడిచిన ఆహారమే పరిశీలకులకు ఆధారం.

డార్‌మౌస్ ఇందుకు చక్కని ఉదాహరణ. బంగారు వన్నె గల ఈ చిట్టి జీవి పగలు నిద్రిస్తుంది. చలికాలమంతా సుప్తావస్థలో గడుపుతుంది. అయితే అది హేజెల్ కాయను కొరికితే గుండ్రని రంధ్రం ఏర్పడుతుంది. దాని లోపలి అంచు నునుపుగా ఉంటుంది. అడవి ఎలుక కొరికినచో ఆ అంచుపై పంటిగాట్లు కనబడతాయి. ఉడుత కాయను రెండుగా చీలుస్తుంది. 1993లో ‘గ్రేట్ నట్ హంట్’ పేరిట స్వచ్ఛంద సేవకులు ఇటువంటి పెంకులను వెదకి, డార్‌మౌస్ నివసించే అడవులను గుర్తించారు.

నమోదులో నాలుగు విషయాలు తప్పనిసరి: ఏ జంతువు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు గుర్తించారు. వీటిలో ఏది లోపించినా ఆ పరిశీలన జ్ఞాపకంగానే మిగులుతుంది. డార్‌మౌస్‌కు చట్టరక్షణ ఉంది. కాని ఒక తోపులో అది ఉన్నట్లు నమోదు కాకుంటే, ఆ తోపును నరికేవేళ దాని పక్షాన చూపడానికి ఆధారం దొరకడం కష్టం. ఆ జీవిని చేతబట్టడానికి లైసెన్సు కావాలి. రాలిన పెంకును ఏరడానికి ఓపిక చాలు.