చిత్తడినేలపై శిలాలయము

నేవానది సముద్రమున గలియుచోట, చిత్తడినేలపై పీటర్ చక్రవర్తి నెలకొల్పిన సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున, 101.5 మీటర్ల యెత్తున బంగారుగోపురముతో మెఱయు సెయింట్ ఐజాక్ ఆర్థొడాక్స్ మహాలయమును గాంచినవారికి, ఇంతటి రాతిబరువును ఈ బురద యెట్లు మోయుచున్నదను విస్మయము కలుగక మానదు.

పీటరు జన్మదినమైన మే 30వ తేది ఐజాక్ అను పుణ్యపురుషుని పర్వదినమగుటచే ఆయన పేర ఆలయము వెలసినది. మొదటిది చాలక, రెండవది ఏటిగట్టు క్రుంగుటచే బీటలువాఱి, మూడవది అరకొరగా ముగిసి రాజధానికి దగకపోగా, నాలుగవదానిని 1818లో ఫ్రెంచి వాస్తుశిల్పి ఆగస్త్ ద మోంఫెరాన్ ఆరంభించెను.

పునాదికై 10,000కు పైగా పైన్‌కొయ్యలను నేలలో దిగగొట్టి, మన తాపీపనివారు గొట్టములో నీరుపోసి మట్టము చూచుకొనునట్లు, గుంటలను నీటితో నింపి, ఆ మట్టమునకే కొయ్యల తలలన్నిటిని కోసిరి. ముఖమండపములందలి 48 ఎఱ్ఱరాతిస్తంభములు ఫిన్లాండు గనులనుండి పడవలపై వచ్చినవి. ఒక్కొక్కటి 17 మీటర్ల పొడవు, 114 టన్నుల బరువు. గోడలు లేవకమునుపే, 1828లో, ఈ స్తంభముల నెత్తనారంభించిరి; 128మంది కూలీలు మోకులు చుట్టిన రాట్నములను త్రిప్పగా, ముప్పావుగంటలో ఒక్కొక స్తంభము నిటారుగా నిలిచెడిది.

గోపురమున మోంఫెరాన్ బుద్ధికుశలత మఱింత స్పష్టము. బరువు తగ్గించుటకై దానిని రాతితోగాక పోతయినుముతో మూడుపొరలుగా గూర్చి, నడుమ బోలు మట్టికుండలను పేర్చెను. పైనున్న రాగిరేకులకు, పాదరసమున గరగించిన బంగారమును పూసి, నిప్పుసెగచే పాదరసము నెగురగొట్టిరి. ఆ విషపుటావిరికి 60మంది వరకు పనివారు బలియైరని చెప్పుదురు.

1858లో ఆలయప్రతిష్ఠ జరిగిన నెలకే మోంఫెరాన్ మరణించెను. తన్నచ్చటనే సమాధిచేయవలెనని ఆయన కోరియుండెను. కాని ఆయన కేథలిక్కగుటచే అప్పటి చక్రవర్తి అంగీకరింపలేదు. ఆలయమున వాడిన రాళ్లతోనే మలచిన ఆయన ప్రతిమ మాత్రము లోపల నున్నది.

సోవియట్ పాలనలో, 1931లో, ఆలయము ప్రదర్శనశాలయైనది. రెండవ ప్రపంచయుద్ధమున నగరము ముట్టడింపబడినపుడు శత్రువిమానములకు గుఱిగాకుండ గోపురమునకు బూడిదరంగు పూసిరి. ఫిరంగిగుండ్లు తగిలిన గంట్లు స్తంభములపై నేటికిని గలవు. 1990 నుండి ప్రార్థనలు తిరిగి జరుగుచున్నవి. గోడలు లేవకమున్నే స్తంభముల నిలిపిన ఆ నామరహిత శ్రామికుల పనితనమే, పాలనలు మాఱినను, ఆలయమును నిలిపియుంచినది.