కోర్టు కాగితములలోని లాటిన్ మాటలు

నాట్ల వేళ కోర్టు నుండి సమన్లు వచ్చినచో, పని తీరిన పిమ్మట చూచుకొందమని చూరులో దోపి ఊరకుండుట కొందరికి పరిపాటి. ఇట్టి అశ్రద్ధ వలన చేతిలోని పొలమే పోవచ్చును. ఆ కాగితములలో అర్థము కాని మాటలు కొన్ని ఉండును. అవి లాటిన్ భాషవి. ఇంగ్లండులో పూర్వము కోర్టు రికార్డులను ఆ భాషలోనే వ్రాసెడివారు. 1733లో ఆ పద్ధతి మానినను, కొన్ని మాటలు మిగిలి, ఇంగ్లీషు చట్టముల వెంట మన కోర్టులకును వచ్చినవి. వానిలో రైతులు తెలిసికొనదగినవి ఇవి:

ఎక్స్ పార్టీ: అనగా ఒక పక్షము నుండి. ప్రతివాది వాయిదాకు రానిచో, కోర్టు వాది మాట మాత్రమే విని డిక్రీ ఇయ్యవచ్చును. సమన్లు పుచ్చుకొననన్నను లాభము లేదు. తలుపునకు అంటించి పోవుదురు, అందినట్లే కోర్టు భావించవచ్చును. సమన్లు అందిన 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను. ఒకవేళ ఎక్స్ పార్టీ డిక్రీ అయినచో, రాలేకపోవుటకు తగిన కారణము చూపి, దానిని రద్దు చేయుమని డిక్రీ తేదీ నుండి 30 దినములలో అర్జీ పెట్టుకొనవచ్చును. సమన్లు సక్రమముగా అందనిచో, డిక్రీ సంగతి తెలిసిన దినము నుండి ఈ గడువు లెక్కింతురు.

స్టేటస్ కో: అనగా ఉన్న స్థితి. గట్టు తగాదాలో ఈ ఉత్తరువు వచ్చినచో గట్టు చెక్కుట, చెట్టు కొట్టుట కూడదు. నిలిచియున్న పైరును ఎవరు కోయవలెనో ఉత్తరువులో స్పష్టముగా లేనిచో, కొడవలి పట్టక ముందే ప్లీడరు ద్వారా కోర్టును అడుగవలెను. ఉత్తరువు మీరినవారికి ఆస్తి జప్తు, 3 నెలల వరకు సివిలు జైలు కలుగవచ్చును.

కేవియట్: అనగా జాగ్రత్త పడునుగాక. ఎదుటివారు దావా వేసి ఇంజంక్షన్ తెత్తురని అనుమానమున్నచో, ముందుగానే కోర్టులో కేవియట్ వేసి, వారికి నోటీసు పంపవలెను. అప్పుడు మీకు తెలియపరచిన పిమ్మటనే వారి అర్జీ విచారణకు వచ్చును. ఇది 90 దినములు మాత్రమే చెల్లును.

అఫిడవిట్: అనగా ప్రమాణము చేసినాడు. సంతకము చేసిన పిదప అందలి ప్రతి మాటకును మీరే బాధ్యులు. కావున సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు చదివించుకొని విననిదే వేలిముద్ర వేయరాదు.

వకీలు ఖర్చు భరింపలేమని వెనుదీయ పనిలేదు. న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించినచో, స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ, మరికొందరికి ఆదాయ పరిమితిని బట్టి, ఉచితముగా వకీలును ఏర్పరచుదురు.

గ్రామోద్యోగులు ఈ విషయములను చదువురాని రైతులకు తెలియజెప్పవలెను. పైరు తెగులు వలెనే కోర్టు కాగితమును కూడ కనబడిన నాడే చూచుకొనవలెను.