తీగ ఎక్కడికీ పోలేదు

విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కి శృంగవరపుకోట దాటేటప్పుడు ఫోన్ మాట్లాడి చూడండి. బొడ్డవర దాకా బాగానే వినిపించే గొంతు, ఘాటు ఎక్కి సొరంగాల్లోకి వెళ్లేసరికి తెగిపోతుంది. అదెందుకో తెలిస్తే మన ఫోన్ ఎలా మారిందో సగం తెలిసినట్టే.

ల్యాండ్‌లైన్‌ కాలంలో ప్రతి ఇంటికీ ఎక్స్ఛేంజి నుంచి ఒక జత రాగి తీగలు రావాలి. తీగ లేకపోయినా, ఎక్స్ఛేంజిలో చోటు లేకపోయినా కనెక్షన్ లేదు. అందుకే దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి చూడాల్సి వచ్చేది. పొరుగూరితో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. 1984లో పుట్టిన సీ-డాట్ సంస్థ, ఏసీ గది అవసరంలేని 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని తయారుచేశాక పల్లెలకు దారి తెరుచుకుంది. తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. రాత్రి పొద్దుపోయాక ఛార్జీ తగ్గుతుందని జనం అక్కడ వరస కట్టేవారు.

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అప్పట్లో వచ్చిన కాల్‌కీ డబ్బు కట్టాలి. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే సామాన్యుడు ధైర్యంగా సెల్ కొన్నాడు.

సెల్ పనిచేసే తీరు ఇది. ప్రాంతాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక టవరు పెడతారు. ఫోన్ ఆన్‌లో ఉన్నంతసేపూ తానెక్కడున్నదీ నెట్‌వర్క్‌కు అప్పుడప్పుడూ తెలియజేస్తూ ఉంటుంది. కాల్ వస్తే ఎటు పంపాలో అలా తెలుస్తుంది. మనం కదిలితే ఒక టవరు మనల్ని పక్క టవరుకు అప్పగిస్తుంది. దాంతో ఇంటికి ఉండే నంబరు మనిషికి వచ్చింది. అయితే రేడియో తరంగాలకు కొండ అడ్డం. అనంతగిరి వైపు కొండ మాటున ఉన్న గూడేనికి దగ్గర్లో టవరు లేకపోతే, చేతిలో ఫోన్ ఉన్నా మాట అందదు.

ఇంకో సంగతి. గాలిలో ప్రయాణం ఎక్కువగా ఫోన్ నుంచి టవరు వరకే. అక్కడి నుంచి మాట చాలావరకు ఆప్టికల్ ఫైబర్ తీగల మీదే వెళ్తుంది. టవరు నడవాలంటే కరెంటు కావాలి, అది పోతే బ్యాటరీ, తర్వాత డీజిల్. పాత ఫోన్‌కు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలే తీగ గుండా విద్యుత్తు ఇచ్చేవి కాబట్టి ఇంట్లో దీపం ఆరినా అది మోగేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విశాఖ, విజయనగరం జిల్లాల్లో కరెంటుతో పాటు సెల్‌ఫోన్లూ మూగబోయాయి. అయినవాళ్ల క్షేమం తెలియక జనం పడిన ఆరాటం ఇంతా అంతా కాదు.

అందుకే టవరు నిలబెట్టడంతో పని పూర్తికాదు. దానికి రెండు దారుల్లో ఫైబర్, తుపాను రోజులు గట్టెక్కించే బ్యాటరీలు, డీజిల్ నిల్వలు ఉండాలి. కొండమీది ఊళ్లకు టవరు అడిగేటప్పుడు వీటిని కూడా గట్టిగా అడగాలి. అంబులెన్స్‌ను పిలవాల్సిన రాత్రి అక్కరకొచ్చేవి అవే.