తరచు వచ్చే నోటిపూత – కారణాలు, గృహచికిత్సలు

భోజనానికీ భాషణానికీ ద్వారం నోరే. ఈ రెండింటికీ ఒకేసారి ఆటంకం కలిగించే చిన్న వ్యాధి నోటిపూత. తెలుగు ఇళ్ళలో 'నోరు పూసింది', 'నోరు పొక్కింది' అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో 'ముహ్ మే ఛాలే' అంటారు. పేరు ఏదైనా బాధ ఒక్కటే. పరీక్షలు సమీపించిన వేళ పెదవి లోపలనో, నాలుక అంచుననో తెల్లని పుండు లేచి ముద్ద మింగనీయదు, మాట పెగలనీయదు. వారం పది రోజులకు మానుతుంది. నెల తిరగకముందే మరొకటి లేస్తుంది. 'వేడి చేసింది' అని పెద్దలు మజ్జిగ ఇస్తారు. మందుల దుకాణం వారు బి-కాంప్లెక్స్ మాత్రలు ఇస్తారు. ఇది మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తున్నదని విచారించేవారు మాత్రం అరుదు. ఆ విచారణే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీనుల పరిచయం

ఈ వ్యాధి నేటిది కాదు. సుశ్రుతుడు తన సంహితలో 65 ముఖరోగాలను పేర్కొన్నాడు. నోరు పూయడాన్ని ఆయుర్వేదంలో ముఖపాకం అంటారు. యునానీ వైద్యులు దీనిని 'ఖులా' అని వ్యవహరిస్తారు. ఆధునిక వైద్యులు వాడే 'ఆఫ్తస్ అల్సర్' అనే పేరులోని మొదటి పదం ప్రాచీన గ్రీకు వైద్యుల నుంచి వచ్చినదే.

వ్యాధి స్వరూపం

ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ తప్పదని అంచనా. సాధారణంగా పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య ఇది మొదలవుతుంది. అంటే కళాశాల వయస్సే దీనికి అనువైన వయస్సు. పుండు గుండ్రంగా, నడుమ తెలుపు లేదా పసుపు పొరతో, చుట్టూ ఎర్రని అంచుతో ఉంటుంది. పెదవుల లోపలి భాగం, బుగ్గల లోపలి భాగం, నాలుక అడుగు భాగం వంటి మెత్తని చోట్లనే ఇది ఎక్కువగా లేస్తుంది.

ఇందులో మూడు రకాలున్నాయి. పది మిల్లీమీటర్ల లోపు ఉండి, ఏడు నుంచి పద్నాలుగు రోజులలో మచ్చ లేకుండా మానేది మొదటి రకం. అత్యధికులకు వచ్చేది ఇదే. అంతకన్న పెద్దదై, లోతుగా దిగి, వారాల తరబడి ఉండి, మచ్చ మిగిల్చేది రెండవది. ఆవగింజలంత పుండ్లు గుంపుగా లేచేది మూడవది. ఈ మూడింటిలో ఏదీ అంటువ్యాధి కాదు. కనుక నోరు పూసినవారి గ్లాసు వేరుగా పెట్టనక్కరలేదు. పెదవి వెలుపలి అంచున నీటి పొక్కులుగా లేచే హెర్పిస్ మాత్రం వేరు. అది వైరస్ వల్ల వస్తుంది, ఒకరినుంచి ఒకరికి అంటుతుంది.

కారణాలు

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలే కొన్ని సమయాలలో నోటిలోని పలుచని పొరపై దాడి చేయడం వల్ల ఈ పుండు ఏర్పడుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ దాడిని ప్రేరేపించేవి అనేకం.

మొదటిది వంశపారంపర్యం. తల్లిదండ్రులకు ఉన్నట్లయితే పిల్లలకు వచ్చే అవకాశం హెచ్చు. రెండవది గాయం. తొందరలో బుగ్గ కొరుక్కోవడం, విరిగిన పంటి అంచు, గట్టి బ్రష్షు, మొరటుగా నమిలిన వేపపుల్ల లేక మిస్వాక్, ఇవన్నీ పుండుకు బీజం వేస్తాయి. మూడవది మానసిక ఒత్తిడి, నిద్రలేమి. పరీక్షల కాలంలో నోరు పూయడానికి ఇదే ముఖ్య హేతువు. కొందరు స్త్రీలకు ఋతుక్రమానికి ముందు రోజులలో వస్తుంది. కొందరికి టూత్‌పేస్టులలో నురుగు కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ పడదు. అది లేని పేస్టు వాడితే పుండ్లు తగ్గుతాయి. కొన్ని నొప్పి మాత్రల వల్ల కూడా రావచ్చును.

అన్నిటికన్న మనం శ్రద్ధ వహించవలసిన కారణం పోషకాహార లోపం. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిను – ఈ మూడింటిలో ఏది తగ్గినా నోటి పొర పలుచబడి పుండ్లు లేస్తాయి. ఇనుము తగ్గితే రక్తహీనత కూడా తోడవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం రక్తహీనులు. కాబట్టి ఒక విద్యార్థిని నోరు పదేపదే పూస్తూ, మెట్లెక్కితే ఆయాసం వస్తూ, ముఖం పాలిపోయి ఉంటే ఆమెకు కావలసింది నోటికి పూసే మందు కాదు, రక్తపరీక్ష.

ఇక్కడ మనకు గర్వకారణమైన విషయం ఒకటి స్మరించదగినది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడం ఆయన బృందం 1945లో సాధించిన విజయం. ఆ పోషకమే మన పాలకూరలో, తోటకూరలో, పెసలలో, మినుములలో సహజంగా ఉన్నది. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే అది చాలావరకు నశిస్తుంది. బి-12 మాత్రం మొక్కలలో లభించదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం దానికి ఆధారాలు. భోజనం కాగానే టీ త్రాగితే ఆహారంలోని ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది. టీకి, భోజనానికి మధ్య గంట వ్యవధి ఉండడం మేలు.

'వేడి' మాటలో నిజమెంత?

కారాలు, పులుపులు, పచ్చళ్ళు పుండును రేపుతాయి. నీరు చాలక నోరెండితే పొర దెబ్బతింటుంది. రాత్రి మేల్కొంటే ఒత్తిడి పెరుగుతుంది. ఈ మూడింటినీ కలిపి మన పెద్దలు 'వేడి' అన్నారు. మజ్జిగ, విశ్రాంతి, చప్పిడి భోజనం అనే వారి చికిత్స మంచిదే. కాని ప్రతి నెలా వచ్చేదానికి వేడి ఒక్కటే కారణమని సరిపెట్టుకుంటే రక్తహీనత వంటి అసలు లోపం మరుగున పడిపోతుంది.

గృహచికిత్సలు

గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించాలి. మంట హెచ్చుగా ఉంటే ఉప్పుకు బదులు వంటసోడా వాడవచ్చును. ఇది అందరికీ అందుబాటులో ఉన్న ఉపాయం. తేనె పుండుపై పూయడం రెండవది. సౌదీ అరేబియాలో జరిగి 2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తేనె మంచి గుణం చూపింది. ఏడాది లోపు శిశువులకు మాత్రం తేనె తగిలించకూడదు. ఉర్దూలో ములేఠీ అనే అతిమధురం వేరు కషాయంతో పుక్కిలించడం ఆయుర్వేదంలోనూ, యునానీలోనూ ఉన్నదే. జాజి ఆకులు, లేత జామ ఆకులు నమిలి ఉమ్మివేయడం, పుండుపై నెయ్యి రాయడం, పచ్చికొబ్బరి నమలడం ఉపశమనం ఇస్తాయి. ఇవి పుండు బాధను తగ్గిస్తాయి గాని, మళ్ళీ రాకుండా ఆపలేవని గుర్తుంచుకోవాలి.

కొన్ని మొరటు పద్ధతులు మానుకోవాలి. ఆస్పిరిన్ మాత్రను పుండుపై అదిమిపెడితే చర్మం కాలుతుంది. లవంగనూనె చిక్కగా పూసినా అంతే. వెలిగారం కడుపులోకి పోతే, ముఖ్యంగా పిల్లలకు, విషమవుతుంది. బి-కాంప్లెక్స్ మాత్రలు లోపం ఉన్నవారికి మేలు చేస్తాయి. లోపం ఉన్నదో లేదో తెలియకుండా నెలల తరబడి మింగడం వల్ల ప్రయోజనం లేదు. సామాన్య మల్టీవిటమిన్లు ఏడాదిపాటు వాడినా పుండ్లు తగ్గలేదని 2012లో ప్రచురితమైన అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది.

వైద్యుని ఎప్పుడు చూడాలి?

పుండు రెండు వారాలు దాటినా మానే సూచన కనపడకపోతే వైద్యునికి చూపాలి. మూడు వారాలు దాటితే ఒక్కరోజు కూడా ఉపేక్షించరాదు. నొప్పి లేకుండా, అంచులు గట్టిపడి, ఒకేచోట నిలిచిన పుండు నోటి కాన్సరు కావచ్చును. గుట్కా, ఖైనీ, జర్దా, పోకచెక్క అలవాటున్నవారు దీనిని 'వేడి పుండు' అని తోసివేయడం ప్రాణాపాయం. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలలో చుట్టను వెలిగించిన కొస నోటిలో పెట్టి కాల్చే అడ్డపొగ వల్ల అంగిట్లో కాన్సరు వస్తున్నదని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు.

పుండ్లతోపాటు జ్వరం, బరువు తగ్గడం, విడవని విరేచనాలు ఉన్నా జాగ్రత్తపడాలి. నోటిలోనూ, మర్మావయవాలపైనా పుండ్లు లేచి, కళ్ళు ఎర్రబడితే అది బెహ్చెట్ వ్యాధి కావచ్చును. ఈ మూడు లక్షణాలు ఒకే వ్యాధివని 1937లో వివరించినవాడు తుర్కీ వైద్యుడు హులూసీ బెహ్చెట్. చూపు పోగొట్టగల ఈ వ్యాధిని సిగ్గుపడి దాచుకోవడం తగదు.

విజ్ఞప్తి

నోటిపూత చిన్న వ్యాధి. కాని అది శరీరం పంపే ఉత్తరం వంటిది, చదవకుండా చించివేయరాదు. ఏ రోజున పుండు లేచింది, ముందురోజు ఏమి తిన్నారు, ఎన్ని గంటలు నిద్రపోయారు అని విద్యార్థులు రెండు మూడు నెలలు నోటుపుస్తకంలో వ్రాసుకుంటే కారణం చాలావరకు వారికే బోధపడుతుంది. ఉదయం ఏమీ తినకుండా టీతో సరిపెట్టుకుని తరగతికి వచ్చే అలవాటు మానాలి. కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వసతిగృహ భోజనంలో వారానికి మూడుసార్లు ఆకుకూర, రోజూ పెరుగు, వీలైనన్ని రోజులు గుడ్డు చేర్చి, ఏడాదికి ఒకసారి విద్యార్థినీ విద్యార్థులకు రక్తపరీక్ష, దంతపరీక్ష జరిపించినట్లయితే, నోటిపూతతోపాటు దాని వెనుక దాగిన రక్తహీనత కూడా బయటపడుతుంది. అందుకయ్యే ఖర్చు స్వల్పం. కలిగే మేలు మాత్రం విద్యార్థులకు జీవితాంతం ఉంటుంది.